దొరగారి ‘ప్రేమ’కు చట్టం అడ్డేం కాలేదు

బానిస వ్యాపారం మీద వచ్చే చారిత్రక నవలల్లో ఒక మూస పాతుకుపోయింది. తోట యజమాని, ఇంట్లో బానిస పిల్ల, దొంగచూపులు, లోకం ఒప్పుకోని బంధం. అట్ట మీద ‘నిషిద్ధ ప్రేమ’ అన్న ముద్ర సరేసరి. ఇంతకీ దేన్ని నిషేధించారు?

అప్పట్లో ఇంగ్లీషువాళ్ల అమెరికా కాలనీ అయిన వర్జీనియాలో 1662 నాటి చట్టం ప్రకారం, తల్లి బానిసైతే బిడ్డా బానిసే. అక్రమ సంబంధానికి జరిమానా కూడా అందులోనే రాశారు. కానీ దొర వల్ల అతని బానిసకు బిడ్డ పుడితే, ఆ బిడ్డ దొర ఆస్తిలోనే కలిసేది. 1691లో మాత్రం నల్లవాళ్లను పెళ్లాడిన తెల్లవాళ్లను కాలనీ నుంచి వెళ్లగొట్టాలన్నారు. అసలు భయం పెళ్లంటేనే.

అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్ కథ తెలిసిందే. 1787లో ఆయనున్న పారిస్ చేరేనాటికి ఆయన బానిస శాలీ హెమింగ్స్‌కు 14 ఏళ్లు, ఆయనకు 44. ఆమె పిల్లలకు ఆయనే తండ్రని ఇవాళ చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటున్నారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన ఆ చేయి ఆమెకు మాత్రం విముక్తి పత్రం రాయలేదు. దీన్ని రొమాన్స్‌గా అమ్మడానికి గుండె ధైర్యం కావాలి.

అంత అసమానతలోనూ మనసులు కలవవా అని అడిగేవాళ్లున్నారు. కలిసి ఉండొచ్చు. అయితే ‘వద్దు’ అంటే కొరడానో వేలంపాటో ఎదురయ్యే మనిషి మనసులో ఏముందో నవలాకారుడికి అంత ఖాయంగా ఎలా తెలిసింది?

నిజమైన నిషిద్ధ ప్రేమ కావాలంటే అమెరికా దక్షిణాదిలో, జార్జియాలోని మేకన్‌కు వెళ్లండి. ఎలెన్, విలియం క్రాఫ్ట్ ఇద్దరూ బానిసలే. ఎలెన్ తండ్రి ఆమె యజమానే. 11 ఏళ్ల వయసులో ఆమెను అతని భార్య తన కూతురికి పెళ్లి కానుకగా ఇచ్చేసింది. పుట్టే బిడ్డలు కూడా బానిసలవుతారన్న భయంతో ఎలెన్ పెళ్లికే వెనకాడింది. చివరికి 1848 డిసెంబరులో ఇద్దరూ పారిపోయారు. తెల్లగా ఉండే ఎలెన్ జబ్బు దొరలా మగవేషం కట్టింది. విలియం ఆమె నౌకరు. ఆమెకు రాయడం రాదు, అందుకని హోటళ్లలో సంతకం అడగకుండా కుడిచేతికి కట్టు కట్టి మెడకు వేలాడదీశారు. రైలెక్కితే పక్క సీట్లో తన యజమాని స్నేహితుడే కూర్చున్నాడు, చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. అతను పలకరిస్తే చెవుడు నటించి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. క్రిస్మస్ రోజుకు బానిసత్వం లేని ఉత్తరాదిలోని ఫిలడెల్ఫియా చేరారు. ఈ టెన్షన్ ఏ కల్పనలో దొరుకుతుంది? అయినా నవలలకు దొరగారి పడకగదే ముద్దు.

మన రచయితలకు కూడా మొహం చాటేసే హక్కు లేదు. డచ్చి కంపెనీ 1605లో బందరులో కొట్టు పెట్టింది. కరువు వచ్చినప్పుడల్లా పులికాట్ లాంటి కోరమాండల్ (మన తూర్పు తీరం) రేవుల్లో మనుషుల్ని కొని బటేవియాకు (ఇప్పటి జకార్తా) ఓడలెక్కించింది. దక్షిణాఫ్రికాలో డచ్చివాళ్ల కేప్ కాలనీ రికార్డుల్లో ‘వాన్ కోరమాండల్’ (కోరమాండల్ నుంచి వచ్చినవాళ్లు) అన్న పేర్లు తగులుతాయి. అక్కడా అదే తంతు. మలబారు మొక్కల మహాగ్రంథం వెలువరించాడని మనం పొగిడే డచ్చి కంపెనీ అధికారి వాన్ రీడే, 1685లో కేప్‌కు వెళ్లి, విడుదలైన బానిస స్త్రీలను తెల్లవాళ్లు పెళ్లాడకూడదన్నాడు. తెల్ల తండ్రికి పుట్టినవాళ్లయితే పర్లేదట. కంపెనీ బానిసల బసలోకి రాత్రిళ్లు సిపాయిలు, నావికులు వెళ్లడం మాత్రం ఆగలేదు.

తెలుగు చారిత్రక నవలేమో కోట గుమ్మం దాటి రాదు. రాణిగారి విరహానికి వంద పేజీలైనా ఇస్తుంది, కరువులో బిడ్డను అమ్ముకున్న తల్లికి పేరా కూడా ఇవ్వదు. రాయలవారి అంతఃపురం మీద ఇంకో నవల మొదలెట్టబోయే వాళ్లెవరైనా ముందు బందరు, పులికాట్ రేవుల దాకా ఓసారి వెళ్లొస్తే బాగుండు.