సవరణ: 100 మీటర్లు వదిలితే సరిపోదు

సోలార్ ప్లాంటు కట్టేముందు చేసే పురావస్తు సర్వే గురించిన గత పోస్టులో, రక్షిత కట్టడం (కేంద్ర ప్రభుత్వం రక్షణ జాబితాలో చేర్చిన పాత కట్టడం) చుట్టూ 100 మీటర్లు వదిలితే చాలని ఉంది. అది సగం మాటే. ప్రాచీన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం మొదటి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టాలి. మన కర్నూలు జిల్లాలో ఎర్రగుడి అశోక శాసనాలకు ఈ కొలతలు వర్తిస్తాయి.

నాకు అసలు టెన్షన్ ఏ జాబితాలోనూ లేని వాటి గురించే. గుట్టల పక్కన రాకాసి గుళ్లు (పెద్ద రాళ్లతో కట్టిన పాతకాలపు సమాధులు), బూడిద దిబ్బలు (కొత్త రాతియుగంలో పశువుల పేడ కాలి ఏర్పడిన గుట్టలు) ఎన్నో ఉన్నాయి. వాటికి ఈ మీటర్ల రక్షణ లేదు. జేసీబీ ఒకసారి చదును చేసిందంటే ఏ పొరలో ఏముందో ఇక తెలియదు. అందుకే చదునుకు ముందే పొలమంతా నడిచి, రాతి వలయాలు, కుండ పెంకులు ఎక్కడున్నాయో మ్యాపులో గుర్తించాలి.