మీటర్‌లో 4 కనబడితే సబ్‌ఊఫర్ బాగున్నట్టేనా?

కారులో బేస్ తగ్గిందంటే ముందు అనుమానం సబ్‌ఊఫర్ కాయిల్ (ఊఫర్ కోన్‌ని ఊపే తీగచుట్ట) మీదికే పోతుంది. దాన్ని తేల్చుకోవడానికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారం ఇదీ: ఊఫర్ మీద 4 ఓమ్స్ అని రాసి ఉంటే మల్టీమీటర్‌లో సరిగ్గా 4 రావాలి, 3.5 వస్తే కాయిల్ సగం కాలినట్టు. మీటర్ బీప్‌మంటే కాయిల్ భేషుగ్గా ఉన్నట్టు. మీటర్ లేకపోతే కారు బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి తగిలించాలి, కోన్ ఎగిరిపడితే మంచిదే. చేత్తో నొక్కితే గరగరమంటే కాలిపోయినట్టే. కాలిన వాసన వచ్చిందా, ఇక పారేయడమే.

ఇది నమ్మి బాగున్న ఊఫర్ తీసి పాత సామాన్లవాడికి ఇచ్చినవాళ్లూ ఉన్నారు, పోయిన ఊఫర్‌ని ఉంచుకుని అనవసరంగా ఆంప్ (యాంప్లిఫయర్) మార్చినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

"సరిగ్గా 4 రావాలి"

రానక్కర్లేదు. ఊఫర్ మీద రాసిన 4 ఓమ్స్ ఇంపిడెన్స్, అంటే పాట ఆడుతున్నప్పుడు ఆంప్‌కి తగిలే అడ్డు. అది కూడా ఒక ఉజ్జాయింపు అంకె మాత్రమే, ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. మీటర్ చూపించేది కాయిల్ తీగ డీసీ రెసిస్టెన్స్, అంటే బ్యాటరీ లాంటి ఒకే దిశ కరెంటుకి తీగ ఇచ్చే అడ్డు. 4 ఓమ్స్ కాయిల్‌కి అది మామూలుగా 3.2 నుంచి 3.8 మధ్య ఉంటుంది, 2 ఓమ్స్ కాయిల్‌కి 1.6 నుంచి 1.9 వరకు. ఆ సలహా "సగం కాలింది" అంటున్న 3.5 నిజానికి నిక్షేపంలాంటి కాయిల్ అంకె.

పైగా చవక మీటర్ల ప్రోబ్ వైర్లకే 0.2 నుంచి 0.5 ఓమ్ ఉంటుంది. ముందు రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తాకించి ఎంత వస్తుందో చూసి, దాన్ని తర్వాతి రీడింగ్‌లోంచి తీసేయాలి. ఎండ సంగతీ ఉంది. రాగి వేడెక్కితే డిగ్రీకి 0.39 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 3.6 చూపించే కాయిల్, మే నెలలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో 60 డిగ్రీలకు చేరితే 4.1 చూపిస్తుంది. అంటే ఆ సలహా ప్రకారం మధ్యాహ్నం పాసైన ఊఫర్ తెల్లవారుజామున ఫెయిలవుతుంది!

"రీడింగ్ 4 దగ్గర ఉంటే బాగున్నట్టే"

అసలు తేడా వచ్చేది ఇక్కడ. ఇప్పుడు కార్లలో బిగిస్తున్న ఊఫర్లలో చాలావాటికి రెండు కాయిల్స్ ఉంటాయి, 4+4 లేదా 2+2. ఒక 4+4 ఊఫర్‌ని ప్యారలల్‌లో (ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట) కలిపి బాక్స్‌లో బిగించారనుకోండి. రెండూ బాగుంటే బయటి టెర్మినల్ దగ్గర 1.8 చుట్టూ వస్తుంది. ఒక కాయిల్ తెగిపోతే మిగిలినది ఒక్కటే కాబట్టి 3.6 వస్తుంది. 4 దగ్గర ఉంటే చాలనుకునే మనిషి 1.8 చూసి షార్ట్ అంటాడు, 3.6 చూసి "సూపర్‌గా ఉంది అన్నా, ఆంపే పోయినట్టుంది" అంటాడు. రెండు తీర్పులూ తలకిందులే. ఒక కాయిల్‌తో ఊఫర్ ఆడుతూనే ఉంటుంది, దెబ్బ తగ్గుతుందంతే. అందుకే జనం ఆంప్‌ని తిట్టుకుంటారు.

సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే కథ ఇంకోలా ఉంటుంది. 4+4 బాగుంటే 7.2 చుట్టూ రావాలి. ఒకటి తెగితే మీటర్‌లో ఓఎల్ (అంకె కొలతకి అందలేదని గుర్తు), చవక మీటరైతే ఎడమ చివర ఒంటరిగా 1. ఊఫర్ పూర్తిగా మూగబోతుంది, రెండో కాయిల్ బతికే ఉన్నా సరే.

కాబట్టి బయటి టెర్మినల్ దగ్గర కొలిచి తీర్పు చెప్పకండి. ఆంప్ వైరు పీకేసి, స్క్రూలు విప్పి, ఊఫర్ బయటికి తీసి, కాయిల్స్‌ని కలిపే చిన్న వైర్లు కూడా తీసేసి, ఒక్కో కాయిల్‌నీ విడిగా కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి 3.6, ఇంకోటి 2.4 వస్తే ఆ రెండోదాంట్లో కొన్ని చుట్లు షార్టయినట్టు. కంపెనీ కాగితం దగ్గర లేకపోయినా, అదే వేడిలో అదే ఊఫర్‌లో ఉన్న రెండో కాయిల్‌ని మించిన ఆధారం లేదు.

"బీప్‌మంటే భేష్"

బీప్ మోడ్ తీగ తెగలేదని మాత్రమే చెబుతుంది. చాలా మీటర్లు 30 ఓమ్స్ లోపు ఏది తగిలినా అరుస్తాయి. 3.6కీ అరుస్తాయి, పూర్తిగా షార్టయిన 0.3కీ అరుస్తాయి. 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి అంకె చూడాల్సిందే.

అంకె అసలు రాలేదని కాయిల్ పోయిందని తేల్చేయకండి. ఊఫర్ వెనక టెర్మినల్ నుంచి కోన్ దాకా వదులుగా వేలాడే అల్లిక తీగ ఒకటి కనిపిస్తుంది. దారం మీద సన్నటి రాగి రేకు చుట్టి అల్లింది. కోన్ ఊగినప్పుడల్లా అదీ ఊగుతుంది కాబట్టి కోన్‌కి అతికిన చోట, లేదా టెర్మినల్ దగ్గర టంకం పడిన చోట తెగుతుంది. పైకి దారం నిలిచే ఉంటుంది, లోపల రాగి తెగి ఉంటుంది. చిన్న సౌండ్‌లో ఆడి, పెంచగానే ఆగి, మళ్లీ వచ్చే ఊఫర్లలో ముందు దీన్నే అనుమానించాలి. కోన్‌ని కొద్దిగా లోపలికి నొక్కి, కదలకుండా పట్టుకుని రీడింగ్ చూడండి. మరికాస్త నొక్కి మళ్లీ చూడండి. కోన్ కదులుతుండగా చూడొద్దు, అప్పుడు కాయిల్ తానే కరెంటు పుట్టిస్తుంది, మీటర్ పిచ్చి అంకెలు చూపిస్తుంది. ఒకచోట 3.6, ఇంకోచోట ఓఎల్ వస్తే తెగింది చాలావరకు ఆ తీగే. దానికి టంకం చాలు, కొత్త ఊఫర్ అక్కర్లేదు.

"కారు బ్యాటరీ తగిలించి చూడండి"

వద్దు. 12.6 వోల్టులు 3.6 ఓమ్స్ మీద పడితే 3.5 యాంపియర్లు, అంటే 44 వాట్లు. పాటకి అది పెద్ద లెక్క కాదు, ఎందుకంటే కోన్ ఊగుతూ గాలి ఆడిస్తుంది. బ్యాటరీ ఇచ్చే డీసీకి కోన్ ఒక పక్కకి పోయి అక్కడే నిలబడుతుంది, వేడంతా కాయిల్‌కే. కాయిల్ ముందే షార్టయి ఉంటే చేతిలో వైరే కాలుతుంది. హైడ్రోజన్ వదిలే బ్యాటరీ పక్కన నిప్పురవ్వలు లేపడం ఇంకో తెలివితక్కువతనం.

గడియారంలో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు, ఒక్క క్షణం తాకిస్తే టప్‌మంటుంది. ప్లస్‌కి ప్లస్ తాకిస్తే కోన్ బయటికి రావాలి. రెండు కాయిల్స్‌కీ విడివిడిగా చూడండి. ఒకటి బయటికి, ఇంకోటి లోపలికి తోస్తే గుర్తులు తారుమారయ్యాయన్నమాట. అలా కలిపిన ఊఫర్‌లో ఒక కాయిల్ పనిని ఇంకోటి చెరిపేస్తుంది.

సెల్ కూడా లేదా? వైర్లన్నీ తీసేసి కోన్‌ని మెల్లగా నొక్కండి. తర్వాత ఒక కాయిల్ ప్లస్, మైనస్‌లను చిన్న వైరు ముక్కతో కలిపి మళ్లీ నొక్కండి. కాయిల్ తెగకుండా ఉంటే ఈసారి చేతికి బరువుగా తగులుతుంది, మ్యాగ్నెట్‌లో కదిలే కాయిల్ తన కదలికకే అడ్డుపడుతుంది కనుక. తేడా తెలియకపోతే ఆ కాయిల్ తెగిందేమో చూసుకోవాలి.

"గరగరమంటే కాలినట్టే"

ఇందులో సగం నిజముంది. వేడికి ఉబ్బిన కాయిల్ మ్యాగ్నెట్ సందులో గీరుకుంటుంది, మీటర్‌లో అంకె మాత్రం బాగానే వస్తుంది. అందుకే నొక్కి చూడడం తప్పనిసరి. కానీ ఒక పక్కన వేలు పెట్టి తోస్తే మంచి కాయిల్ కూడా వంగి గీరుకుంటుంది. మధ్య టోపీ చుట్టూ రెండు చేతుల వేళ్లూ సమంగా పరిచి, నిటారుగా నొక్కాలి. అలా నొక్కినా ప్రతిసారీ అదే లోతు దగ్గర గీరితే అనుమానించండి. నొక్కితే నిశ్శబ్దంగా ఉండి, పాటలో మాత్రమే గరగర వినిపిస్తుంటే వెనక నంబర్ ప్లేటు పట్టుకుని చూడండి. సగం కేసుల్లో దొంగ అదే అని నా అనుమానం.

"వాసన వస్తే పారేయండి"

వాసన కాయిల్ మీది జిగురూ వార్నిష్‌దీ. వచ్చిందంటే కాయిల్ మితిమీరి వేడెక్కినట్టు. చాలాసార్లు కారణం ఆంప్ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) ఎక్కువై, ఆంప్ క్లిప్ అవ్వడం, అంటే తన శక్తికి మించి తోయబోయి సౌండ్ చెడడం. వెంటనే కొలవొద్దు, కాయిల్ మామూలు కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కి ఉంటే 3.6 కాస్తా 5 అయి కూర్చుంటుంది. పూర్తిగా చల్లారాక అంకె మామూలుగా వచ్చి, నొక్కితే గీరకపోతే, గెయిన్ తగ్గించి వాడుకోవచ్చు. వాసన మాత్రం కొన్ని రోజులు డిక్కీలో ఉంటుంది.

నిజంగానే పోతే, మ్యాగ్నెట్, ఫ్రేమ్ బాగున్న ఊఫర్‌కి కోన్, కాయిల్, స్పైడర్ (కాయిల్‌ని మధ్యలో నిలిపే ముడతల గుడ్డ) కలిపి మార్చి ఇచ్చేవాళ్లు ఉన్నారు. చిన్న ఊఫరైతే కొత్తదే చౌక పడొచ్చు, ధర ముందే అడగండి. మార్పిస్తే మాత్రం పాతది 4+4నో 2+2నో చెప్పి మరీ వేయించుకోండి. 4+4 ఉన్నచోట 2+2 పడితే ప్యారలల్‌లో 1 ఓమ్ అవుతుంది. 2 ఓమ్స్ దాకానే తట్టుకునే ఆంప్ సౌండ్ పెంచగానే ప్రొటెక్ట్ లైటు వెలిగించి కూర్చుంటుంది.