బెంగళూరు ధరలకు బెంగళూరు అంకె

ప్రతి నెలా 12వ తేదీ సాయంత్రం నాలుగింటికి కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ చిల్లర ద్రవ్యోల్బణం, అంటే జనం కొనే సరుకులు, సేవల ధరలు ఏడాదిలో ఎంత పెరిగాయో ప్రకటిస్తుంది. 2025 అక్టోబరుకు అలా వెలువడిన అంకె 0.25 శాతం. 2012 ఆధార సంవత్సరంగా, అంటే ఆ ఏటి ధరలను 100 అనుకుని ధరల సూచీ లెక్క కట్టడం మొదలయ్యాక అంత తక్కువ ఎన్నడూ లేదు. దేశం మొత్తమ్మీద ధరలు ఏడాది కాలంలో కదిలీ కదలనట్టు ఉన్నాయని దాని అర్థం. మరి ఆ ఏడాది బెంగళూరులో జరిగిందేమిటి? జనవరిలో సిటీ బస్సు చార్జీలు 15 శాతం పెరిగాయి. ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి 90కి చేరింది. ఏప్రిల్ ఒకటిన నందిని పాలు లీటరుకు 4 రూపాయలు ప్రియమయ్యాయి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన మనిషికి ఆ పావు శాతం చూసి నవ్వాలో ఏడవాలో తెలియకపోతే తప్పు పట్టలేం.

ఇలాంటప్పుడు వినిపించే మాట ఒకటుంది: అంకెలు వండి వారుస్తున్నారని. ఆ మాటతో మేము ఏకీభవించం. అంకెలు వండటం ఎలా ఉంటుందో అర్జెంటీనా చూపించింది. 2007లో అక్కడి ప్రభుత్వం గణాంక సంస్థలో ధరల సూచీ చూసే అధికారులను మార్చేసింది. బజారులో ధరలు భగ్గుమంటుంటే అధికారిక సూచీ చల్లగా ఉండేది. చివరికి 2013లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ దేశాన్ని బహిరంగంగా మందలించాల్సి వచ్చింది. మన అక్టోబరు అంకెకు అలాంటి మాయ అక్కర్లేదు. అంతకుముందు ఏడాది అక్టోబరులో ద్రవ్యోల్బణం 6.21 శాతం ఉంది; కూరగాయలు అప్పుడు కొండెక్కి కూర్చున్నాయి. ఏడాది తిరిగేసరికి అవే కూరగాయలు 27 శాతానికి పైగా దిగాయి. ఎత్తు మీద నుంచి కొలిస్తే పల్లం ఎక్కువగానే కనిపిస్తుంది. టమాటా దిగినంత సులువుగా బస్సు టికెట్టు దిగదు, అంతే తేడా.

అంకె పుట్టేచోటికి వెళ్లి చూస్తే కోపం ఇంకొంత చల్లారుతుంది. జాతీయ గణాంక కార్యాలయం సిబ్బంది ట్యాబ్ పట్టుకుని ఎంపిక చేసిన బజారుకు వెళ్తారు. ఏ వారం, ఏ దుకాణం, ఏ సరుకు అన్నది ముందే ఖరారై ఉంటుంది. బియ్యం ఎంత అని అడిగితే సరిపోదు. ఏ రకం, విడిగా అమ్మేదా సంచిలో వచ్చేదా, ఎన్ని కిలోలు అన్నీ కాగితం మీద ఉంటాయి. సోనా మసూరి లేదు కదా అని పక్క బస్తాలోని బాస్మతి ధర రాసుకొస్తే పెరిగింది ధర కాదు, మారింది బియ్యం. సరుకు దొరకనప్పుడు దానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని, రెండింటి నాణ్యతలో తేడాను సర్ది రాయాలి. సాయంత్రం గిరాకీ వేళ గల్లా ముందు నిలబడి, ఏమీ కొనకుండా పాతిక సరుకుల ధరలు అడిగే మనిషిని ఏ షావుకారూ కుర్చీ వేసి కూర్చోబెట్టడు. అయినా నెలనెలా ఆ పని సాగుతోంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల సిబ్బంది బజారుకు వెళ్లలేకపోయారు. అప్పుడు గణాంక కార్యాలయం ఫోనులో దొరికిన ధరలతో కొన్ని ఉప వర్గాల లెక్కలు మాత్రం ఇచ్చి, మొత్తం ద్రవ్యోల్బణం అంకెను ప్రకటించకుండా ఆపేసింది. దొరకనిదాన్ని దొరకలేదని ఒప్పుకున్న సంస్థను ఆ మాత్రం నమ్మవచ్చు.

సేకరించిన ధరలను కలిపే తీరులోనూ నేర్పుంది. ఒక దుకాణంలో కిలో ఉల్లి 20 నుంచి 40కి పెరిగింది, పక్క వీధిలో 40 నుంచి 20కి తగ్గిందనుకుందాం. ఒకచోట రెట్టింపు, మరోచోట సగం. మామూలు సగటు తీస్తే ఉల్లి 25 శాతం పెరిగినట్టు తేలుతుంది, నిజానికి బజారులో మొత్తమ్మీద మారిందేమీ లేదు. గుణ సగటు తీస్తే, అంటే రెండు మార్పులను కూడకుండా గుణించి వర్గమూలం తీస్తే, పెరుగుదల సున్నా వస్తుంది. 2012 శ్రేణి నుంచి మన సూచీలో వాడుతున్నది ఈ గుణ సగటునే.

పాల ప్యాకెట్టు ఇంకా మంచి పాఠం. 2024 జూన్‌లో నందిని పాలు అమ్మే కర్ణాటక పాల సమాఖ్య ప్యాకెట్టు ధర 2 రూపాయలు పెంచి, 50 మిల్లీలీటర్ల పాలు అదనంగా పోసింది. లీటరు ప్యాకెట్టు 1,050 మిల్లీలీటర్లయింది, ధర 44 రూపాయలు. మరుసటి ఏప్రిల్‌లో ఆ అదనం తీసేసి, లీటరుకు 46 రూపాయలు చేసింది. ప్యాకెట్టు చేతికి తీసుకున్న ఇల్లాలికి కనిపించే పెరుగుదల 2 రూపాయలు, నాలుగున్నర శాతం. పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే లీటరు 41 రూపాయల 90 పైసల నుంచి 46కి ఎగబాకింది. అంటే దాదాపు పది శాతం. ధర రాసుకునే ఉద్యోగి మిల్లీలీటర్లు చూడకపోతే సూచీ మోసపోతుంది. చూస్తాడు కాబట్టే, బిస్కెట్టు పొట్లం ధర మారకుండా పలచబడినా అది సూచీకి తెలుస్తుంది. కొనేవాళ్లలో ఎందరికి తెలుస్తుందో మరి.

ఇంత పకడ్బందీగా చేసే పనికి మాట పడటం ఎందుకు? మొదటి కారణం బుట్ట పాతబడటం. సూచీలో ఏ సరుకుకు ఎంత వాటా అన్నది కుటుంబాల ఖర్చుల సర్వే తేలుస్తుంది. మొన్నమొన్నటి వరకు వాడిన వాటాలు 2011-12 సర్వేవి. ఆ లెక్కలో ఆహార పానీయాలకు 45.86 శాతం. మధ్యలో 2017-18లో మరో సర్వే జరిగింది. నాణ్యత బాగాలేదంటూ దాని ఫలితాలను 2019 నవంబరులో ప్రభుత్వం పక్కన పెట్టేసింది. బాగాలేకపోతే ఎక్కడ బాగాలేదో చూపి, ఆ వివరాలతో సహా జనం ముందు పెట్టాల్సింది. అలా చేయకపోవడం వల్ల టేప్ రికార్డర్లు, వీసీఆర్‌లు సూచీలో కొలువుతీరి ఉండగానే మనం ఫోనులో సినిమాలు చూడటానికి అలవాటుపడ్డాం. 2024 ఆధార సంవత్సరంగా కొత్త శ్రేణి 2026 ఫిబ్రవరిలో వచ్చింది. వస్తువులు, సేవలు 299 నుంచి 358కి పెరిగాయి. ఆహారం వాటా 37 శాతం దరిదాపులకు తగ్గింది. 25 లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల్లో ఆన్‌లైన్ ధరలూ చేరాయి. చేసిన మార్పులు మంచివే. బుట్ట మార్చడానికి పుష్కరం పైగా పట్టడం మాత్రం మంచిది కాదు. అయిదేళ్లకోసారి సర్వే జరపడం, దాని ఫలితాలు ఎలా ఉన్నా ప్రచురించడం చట్టంలో ఉండాలని మా వాదన.

రెండో కారణం అద్దె. బెంగళూరులో అసలు కథంతా ఇక్కడే ఉంది.

పాత శ్రేణిలో గృహ వసతికి పట్టణాల లెక్కలో 21.67 శాతం వాటా ఉండేది. గ్రామాల్లో అద్దెలు లెక్కించనే లేదు కాబట్టి దేశం మొత్తం అంకెలోకి వచ్చేసరికి అది 10.07 శాతానికి పడిపోయేది. కొత్త శ్రేణిలో పల్లెల అద్దెలకూ చోటు దొరికింది. అయినా వాటా ఎంతన్నది ఒక ప్రశ్న, ఎవరి అద్దె అన్నది మరో ప్రశ్న. మారతహళ్లిలో రెండు పడకగదుల ఇంట్లో ఆరేళ్లుగా ఉంటున్న కుటుంబం యజమానితో మాట మంచిగా ఉంచుకుని ఏడాదికి అయిదు శాతం పెంచుతూ నెట్టుకొస్తుంది. ఆ కుటుంబం ఖాళీ చేసిన మర్నాడు అదే ఇంటికి బోర్డు మీద కొత్త అద్దె పడుతుంది. దానికి తోడు నెలల తరబడి అద్దెను ఒక్కసారిగా అడ్వాన్సు కింద కక్కించే బెంగళూరు ఆనవాయితీ. సూచీ కొలిచేది అద్దెకున్న ఇళ్లన్నిటి సగటును, పాత కాపురాలతో సహా. పద్ధతిగా చూస్తే అదే సరి, ఎందుకంటే ఊళ్లో జనం నిజంగా కడుతున్న అద్దె అది. ఇల్లు వెతుక్కునేవాడికి ఎదురయ్యేది మాత్రం బోర్డు మీది అద్దె ఒక్కటే. కొత్తగా ఉద్యోగంలో చేరడానికి రైలు దిగిన కుర్రవాడి నగరం వేరు, మల్లేశ్వరంలో ఇరవై ఏళ్ల నాటి కిరాయిదారు నగరం వేరు. ఈ ఇద్దరినీ ఒకే సగటులో కలిపితే ఇద్దరికీ తమ ముఖం అద్దంలో కనపడదు. అద్దె మొత్తాన్ని ఒకే అంకెగా కాక పాత ఒప్పందాలు, కొత్త ఒప్పందాలుగా విడదీసి ప్రచురిస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. బెడ్డు లెక్కన డబ్బులు తీసుకునే పీజీ హాస్టళ్లను ఎలా లెక్కిస్తున్నారన్నదీ విడిగా చెప్పాలి. ఈ ఊళ్లో మన పిల్లలు ఎందరో ఉండేది వాటిల్లోనే.

అసలు అడగాల్సింది ఇప్పుడు అడుగుతాం. గణాంక కార్యాలయం బెంగళూరు బజార్లలో ధరలు రాసుకుంటోంది, ఇక్కడి అద్దెలు అడిగి తెలుసుకుంటోంది. ఆ ధరలన్నీ బళ్లారి, హుబ్బళ్లి, మంగళూరు ధరలతో కలిసి కర్ణాటక పట్టణాల సూచీ అనే పెద్ద గంగాళంలో పడతాయి. అందులోంచి బెంగళూరును మళ్లీ వేరుచేసి ఎవరూ చూపించరు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండ ఒక్కటైతే ఆ మాట నిజం. ఇక్కడ కుండలు వేరు, పొయ్యిలు వేరు.

నగరానికి విడి సూచీ కొత్త కోరికేమీ కాదు. పట్టణాల్లో బల్ల దగ్గర కూర్చుని పనిచేసే ఉద్యోగుల కోసం 1984-85 ఆధారంగా ఒకప్పుడు 59 నగరాలకు సూచీలు వెలువడేవి. 2011లో పల్లెలకూ పట్టణాలకూ కలిపి కొత్త సూచీ రావడంతో వాటికి మంగళం పాడారు. కార్మిక బ్యూరో 2016 ఆధారంగా 88 కేంద్రాలకు పారిశ్రామిక కార్మికుల సూచీ ఇస్తోంది, వాటిలో బెంగళూరూ ఉంది. కాకపోతే అది లెక్కలోకి తీసుకునే కుటుంబాలు కర్మాగారాలు, గనులు, తోటలు, రైల్వేలు, రవాణా, విద్యుత్తు, రేవుల్లో పనిచేసేవారివి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇంటి పనిమనిషి, అపార్టుమెంటు కాపలాదారు, కట్టడాల దగ్గర గుడిసెలో ఉండే పాలమూరు కూలీ అందులోకి రారు. ఈ ఊరిని నడిపేది ఎక్కువగా వాళ్లే.

దీనికి గణాంక నిపుణులు చెప్పే అభ్యంతరం మాకు తెలియనిది కాదు. ఒక్క నగరంలో సేకరించే ధరల సంఖ్య తక్కువ, అంకె నెలనెలా ఊగిసలాడుతుంది, జనం దాన్ని పట్టుకుని గోల చేస్తారు. మాట నిజమే. అమెరికా కార్మిక గణాంకాల సంస్థకూ ఇదే ఇబ్బంది ఎదురైంది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగో మహానగర ప్రాంతాలకు నెలనెలా, మిగతా పెద్ద నగరాల్లో చాలావాటికి రెండు నెలలకోసారి సూచీ ఇస్తోంది. వాటిలో తప్పుకు ఎక్కువ ఆస్కారం ఉందని ముందే చెప్పి మరీ ఇస్తోంది. మనమూ మూడు నెలల సగటుగా ఇవ్వవచ్చు. బెంగళూరు కోసం మరికొన్ని బజార్లు, మరికొన్ని అద్దె ఇళ్లు జత చేయాల్సి వస్తే ఆ ఖర్చులో రాష్ట్ర ప్రభుత్వమూ పాలుపంచుకోవాలి. ఈ నగరం నుంచి వచ్చే పన్నుల ముందు అది చిల్లర.

రిజర్వు బ్యాంకుకు దేశం మొత్తం అంకె కావాలి. నాలుగు శాతం లక్ష్యానికి రెండు శాతం అటూ ఇటూగా ద్రవ్యోల్బణాన్ని నిలపాల్సిన బాధ్యత దానిది, అది బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు బెంగళూరుకొకటి, భువనేశ్వర్‌కొకటి ఉండదు. పీణ్యలో జీతం బేరమాడే కార్మిక సంఘానికి, మహదేవపురలో అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే జంటకు, బస్సు చార్జీ పెంచాలా వద్దా అని కూర్చున్న అధికారికి ఆ అంకెతో పని జరగదు. ఏ అంకె లేకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల లెక్కే చెల్లుతుంది. అద్దె బేరంలో ఆ గొంతు ఎవరిదో విడిగా చెప్పక్కర్లేదు.

ధరలు ఇప్పటికే గణాంక కార్యాలయం కంప్యూటర్లలో ఉన్నాయి. నెలనెలా ఇవ్వడం కష్టమైతే మూడు నెలలకోసారి ఇవ్వండి. అన్ని సరుకులకూ కుదరకపోతే అద్దె, రవాణా, పాలు, కూరగాయలతో మొదలుపెట్టండి. తప్పుకు ఎంత ఆస్కారం ఉందో పక్కనే రాయండి, చదువుకుంటాం.