అత్యవసరం ఇంకా రాలేదు

యూరోపియన్ యూనియన్ 2025 మార్చిలో తన ప్రజలకు ఒక సలహా ఇచ్చింది. యుద్ధమో, వరదో, మరొకటో ముంచుకొస్తే ఎవరి సాయమూ లేకుండా కనీసం 72 గంటలు గడిచేలా తిండీ నీళ్లూ ప్రతి ఇంట్లో దాచుకోవాలట. పేపర్లో ఆ వార్త చదివి మా నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మూడు రోజులా?" అన్నారు. మూడో ఎక్కం ఒప్పజెప్పి బహుమతి అడిగిన కుర్రవాణ్ణి చూసినట్టు చూశారు ఆ పేపరు వైపు.

మాది విశాఖపట్నం. నాన్నగారు ఓడరేవులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన మర్నాడే మా కొట్టుగదికి అధికారిగా బాధ్యతలు స్వీకరించారు. వేపాకు వేసిన బియ్యం బస్తాలు రెండు, ఆముదం పట్టించిన కందిపప్పు, గింజ తీసి ఉప్పు కలిపి కుండలో అదిమిన చింతపండు, అటుకులు, మరమరాలు, పాలపొడి, వాసెన కట్టిన ఆవకాయ జాడీ, గుమ్మడి వడియాల డబ్బా, ఊరమిరపకాయలు. కొవ్వొత్తులూ అగ్గిపెట్టెలూ చెమ్మ తగలకుండా రెండేసి ప్లాస్టిక్ సంచుల్లో. అన్నిటికీ ఒక పొడుగాటి లెక్కల పుస్తకం. తాళంచెవి మాత్రం ఆయన జంధ్యానికి.

ఓడరేవు మనిషి కదా, ప్రమాద సూచికలు కూడా పెట్టారు. రేవుల్లో ఒకటో నంబరు ఎగరేస్తే ఎక్కడో దూరాన సముద్రంలో గాలివాన ఉన్నట్టు. పదో నంబరంటే మహా ప్రమాదం. ఆపైన పదకొండు కూడా ఉంది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం. మా ఇంట్లో కందిపప్పు ఐదు కిలోలకు దిగితే ఒకటో నంబరు, నూనె చివరి ప్యాకెట్టుకు వస్తే మూడు. శనగపిండికి మాత్రం శాశ్వతంగా ఎనిమిదో నంబరే. దానికి కారణముంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని రేడియో చెప్పిన అరగంటలో ఈ ఊళ్లో ప్రతి ఇంటా మూకుడు పొయ్యెక్కుతుంది. గాలివాన తీరం దాటక ముందే పకోడీలు గొంతు దాటేస్తాయి. ఇలాంటి ప్రజలను నమ్మి శనగపిండిని బయట పెట్టడం దేశభద్రతకు మంచిది కాదని నాన్నగారి వాదన. నేను ఏకీభవిస్తాను.

నిల్వ చేయడంలో అసలు శాస్త్రం, ముందు వచ్చిన సరుకు ముందు వాడటం. పెద్ద పెద్ద గోదాముల్లో పాటించేది అదే. మేమూ పాటిస్తాం. కొత్త కందిపప్పు రాగానే వెనక్కి వెళుతుంది, పాతది ముందుకు వస్తుంది. పాతది అయ్యేసరికి కొత్తది పాతబడుతుంది. ఆ లెక్కన గత ఇరవై ఏళ్లలో మా ఇంట్లో ఎవరూ కొత్త పప్పు తిన్న పాపాన పోలేదు. ముక్కుపురుగు మాత్రం రెండూ రుచి చూసింది. దానికి ఈ నిబంధనలు వర్తించవు.

2020లో 21 రోజుల లాక్‌డౌన్ సరిగ్గా ఉగాది నాడు మొదలైంది. ఊరంతా సంచులు పట్టుకుని పరుగెడుతుంటే మా నాన్నగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, పంట చేతికొచ్చిన రైతులా. పచ్చడికి బెల్లం, చింతపండు, ఉప్పు, కారం లోపలి నుంచే వచ్చాయి, బెల్లం తూకం వేసి. వేపపువ్వు దొరకలేదు. చేదు సంగతి టీవీ వార్తలు చూసుకున్నాయి.

కానీ నిల్వ విధానపు గొప్పతనం తెలియాలంటే హుద్‌హుద్ తుఫాను దగ్గరికి వెళ్లాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి. మధ్యాహ్నానికి పక్కింటి నీళ్ల ట్యాంకు మా పెరట్లో ఉంది, మా జామచెట్టు ఎవరి పెరట్లో ఉందో తెలియదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలు లేవు. ఫ్రిజ్ ఆగింది కాబట్టి ముందు అందులోవి కానివ్వాలన్నారు నాన్నగారు. అది నిజంగానే మంచి సలహా. మొదటి రోజు ఫ్రిజ్‌లోని రుబ్బిన పిండితో ఇడ్లీలు, రెండో రోజు దోసెలు, మూడో రోజు పుల్లట్లు. చట్నీకి మిక్సీ లేదు, తలుపుకు ఒత్తుగా పెట్టిన రోలును ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగంలోకి తీసుకున్నాం. టీకి పాలపొడి అడిగితే, "మూత తీస్తే నెలలోగా వాడెయ్యాలి, మనం నలుగురమే" అన్నారు. డికాక్షన్ తాగాం.

నాలుగో రోజు చారన్నం. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు బాగా తగ్గించి, "ఏమండీ, నంజుకోవడానికి నాలుగు వడియాలు వేయించనా?" అంది.

నాన్నగారు పెరట్లో బోర్లాపడిన ట్యాంకు వైపు చూశారు. కప్పు ఎగిరిపోయిన ఎదురింటి వైపు చూశారు. "అత్యవసరానికి కదా దాచింది. అప్పుడే తీసేస్తే రేపు నిజంగా అవసరమొస్తే?" అన్నారు.

ఇందులోని తర్కాన్ని అర్థం చేసుకోనివారు ఆయన్ను పిసినారి అంటారు. రాబోయే విపత్తుతో పోలిస్తే వచ్చిన విపత్తు ఎప్పుడూ చిన్నదే. కాబట్టి నిల్వను ముట్టుకోవలసిన రోజు సిద్ధాంతరీత్యా రాదు. ఖజానాలు నడిపేవారికి ఈ సంగతి తెలుసు, కొట్టుగదులు నడిపేవారికి ఇంకా బాగా తెలుసు.

కరెంటు వచ్చింది. లెక్క సరిచూస్తే ఒక్క వడియం తగ్గలేదు. నాన్నగారు పుస్తకంలో ఎర్రసిరాతో గీత గీసి సంతకం చేశారు.

ఆ మర్నాడు బస్సులు తిరగడం మొదలైంది. రాజమండ్రి నుంచి మా పెద్ద మేనత్త, కొడుకులు, కోడళ్లు, పిల్లలు, మొత్తం తొమ్మిది మంది పరామర్శకు దిగారు. ఊరికే రాలేదు, డజను అరటిపళ్లు తెచ్చారు. గుమ్మంలో అత్తయ్య మా నాన్నగారి గడ్డం పట్టుకుని, "ఎంత చిక్కిపోయావురా తమ్ముడూ" అంది.

అంతే. ఆయన లేచారు. జంధ్యానికి ఉన్న తాళంచెవి ఊడదీశారు. శనగపిండి వచ్చింది, పాలపొడి వచ్చింది, ఆవకాయ జాడీ వాసెన విప్పుకుంది. వడియాల డబ్బా ఆయనే స్వయంగా మోసుకొచ్చి పొయ్యి పక్కన పెట్టి, "అక్కయ్యకు గుమ్మడి వడియాలంటే ప్రాణం, కాస్త ఎక్కువే వేయించు" అన్నారు.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. వేయించింది, వడ్డించింది. చుట్టాలు వెళ్లాక ఖాళీ డబ్బా తెచ్చి ఆయన లెక్కల పుస్తకం మీద బోర్లించి వెళ్లిపోయింది.

మా ఇంట్లో పదకొండో నంబరు ఎగరడం అదే మొదటిసారి. దించడానికి దీపావళి దాకా పట్టింది.