పెట్టెకు బొమ్మ వేయండి, గాలి కంతలు మూయకండి

ట్రాఫిక్ సిగ్నళ్లను నడిపే పరికరాలుండే రోడ్డు పక్క పెట్టెల మీద బొమ్మలు వేయించడం దండగ ఖర్చని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మేముండే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 1999 నుంచీ ఈ పని జరుగుతోంది. గీసేది పేరున్న చిత్రకారులే కాదు, ఆ వీధుల్లో ఉండే మామూలు జనం కూడా. మా సందు చివరి పెట్టె మీద ఒకావిడ కూకబర్రా పిట్టను గీశారు. తలుపు తాళం రంధ్రం సరిగ్గా దాని కంటిపాప దగ్గరికి వచ్చింది! అంత శ్రద్ధగా వేసిన బొమ్మ మీద పిచ్చిరాతలు రాయడానికి చాలామందికి చేయి రాదు.

హైదరాబాద్‌లో ఖైరతాబాద్ పక్కనున్న మక్తాలో గోడల బొమ్మలు చూసే ఉంటారు. అదే పని టు-లెట్ కాగితాలు, కోచింగ్ సెంటర్ల పోస్టర్లు అంటించిన పెట్టెలకూ చేయొచ్చు కదా. బట్ట మీద కథల బొమ్మలు వేసే చేర్యాల నకాషీ కళాకారులకు ఇస్తే ఆ ఎర్రటి నేపథ్యం దూరం నుంచే కనబడుతుంది. వాళ్లకు కూలి మాత్రం సరిగ్గా ఇవ్వాలి, ఉత్త సన్మానం చాలదు.

ఒక్క జాగ్రత్త. లోపల సిగ్నళ్లను నడిపే పరికరాలు వేడెక్కుతాయి. గాలి కంతలు మూయకూడదు. మన ఎండలకు ముదురు రంగులు తగ్గించాలి. పెట్టె నంబరు, ప్రమాద హెచ్చరిక మీద రంగు పడకూడదు. బొమ్మలు వేద్దామని ట్రాన్స్‌ఫార్మర్ల జోలికి మాత్రం విద్యుత్ సిబ్బంది లేకుండా ఎవరూ వెళ్లొద్దు.