రక్తపు చుక్కతో చేప పరిపక్వత తేలిపోతుందా?

"చేప నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, గుడ్డు సొనకు మూలమైన విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ కొలవండి. అది ఉంటే ఆడచేపే, పరిపక్వమైనదే; ఎక్కువైతే గుడ్లు పెట్టే సమయం దగ్గరపడినట్టే. చేపను కోయనక్కర్లేదు, కిట్ ఏదైనా ఫర్వాలేదు" అనే సలహా తెగ తిరుగుతోంది. వినడానికి బాగుంది. కానీ అందులో సగానికి పైగా తప్పు.

"ఉంటే పరిపక్వం" అన్న మాటే అసలు చిక్కు. విటెల్లోజెనిన్ తయారయ్యేది అండాశయంలో కాదు, కాలేయంలో. అండాశయం విడుదల చేసే ఈస్ట్రడయోల్ హార్మోను కాలేయాన్ని ప్రేరేపిస్తే, అది ఈ ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఎదుగుతున్న అండాలు దాన్ని లోపలికి తీసుకుని లిపోవిటెల్లిన్, ఫాస్విటిన్ వంటి సొన ప్రోటీన్లుగా విడగొట్టి దాచుకుంటాయి. ట్రౌట్, సాల్మన్ జాతుల్లో ఈ దశ నెలల తరబడి సాగుతుంది. ఆ తర్వాతి తుది పరిపక్వత వేరే కథ: మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోను ఉప్పొంగాలి, అండాశయం ఈస్ట్రడయోల్ తగ్గించి మరో స్టెరాయిడ్‌కు మారాలి, అండకేంద్రకం అంచుకు జరిగి కరిగిపోవాలి. రక్తంలోని విటెల్లోజెనిన్ వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు. సొన చేరడం మొదలైందని మాత్రం చెబుతుంది. అదీ విలువైన సమాచారమే, కాకపోతే అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

ఇక "ఎక్కువైతే దగ్గరపడినట్టే" అన్నది. రక్తంలో కనిపించే మోతాదు చెరువు నీటిమట్టం లాంటిది; లోపలికి వచ్చేది పెరిగిందో, బయటికి పోయేది ఆగిందో మట్టం చూసి చెప్పలేం. ఒత్తిడివల్లో ఆకలివల్లో అండాలు క్షీణిస్తున్నా ప్రోటీన్ రక్తంలో కొంతకాలం మిగలవచ్చు. విడతలుగా గుడ్లు పెట్టే జాతుల్లోనైతే ఒకే అండాశయంలో వేర్వేరు దశల అండాలు ఉంటాయి కనుక, మోతాదు ఏ దశను చూపుతోందో చెప్పలేం.

"ఉంటే ఆడచేపే" అనేవారు కెనడాలో లేక్ 260 అనే సరస్సులో జరిగిన ప్రయోగాన్ని గుర్తుచేసుకోవాలి. 2001 నుంచి 2003 వరకు ఆ సరస్సులో గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను లీటరుకు 5–6 నానోగ్రాముల స్థాయిలో కలిపారు. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల్లో మగవి విటెల్లోజెనిన్ తయారుచేశాయి, ఆ సరస్సులో ఆ చేపల సంఖ్య దాదాపు కుప్పకూలింది. మగచేపల్లోనూ ఆ జన్యువు ఉంటుంది, ఈస్ట్రోజెన్ తగిలితే పనిచేస్తుంది. పీల్చుకునే అండాలు లేవు కనుక ఆ ప్రోటీన్ వారాలపాటు రక్తంలో ఉండిపోతుంది. అందుకే నీటిలో ఈస్ట్రోజెన్ లాంటి కాలుష్యాన్ని పసిగట్టడానికి దీన్ని ముఖ్యంగా మగచేపల్లో వెతుకుతారు.

కిట్ల విషయం క్లుప్తంగా: యాంటీబాడీతో ప్రోటీన్‌ను పట్టుకుని కొలిచే ఎలైసా పరీక్షలో, ఆ యాంటీబాడీ ఒక జాతి ప్రోటీన్‌ను గుర్తించినట్టు మరో జాతిదాన్ని గుర్తించకపోవచ్చు. పైగా చాలా చేపల్లో విటెల్లోజెనిన్ ఒకటి కాదు, రెండు మూడు రకాలు.

"కోయనక్కర్లేదు" అన్నది మాత్రం ఒప్పుకోదగ్గది. పైకి ఆడ, మగ తేడా తెలియని స్టర్జియన్ వంటి చేపల్లో స్టెరాయిడ్ హార్మోన్లతో కలిపి చూస్తే ఈ పరీక్ష నిజంగా ఉపయోగపడుతుంది. అయితే చంపకుండా చూడటానికి రక్తమొక్కటే దారి కాదు. పెద్ద చేపల్లో జననరంధ్రం గుండా సన్నని గొట్టంతో కొన్ని అండాలు తీసి, పారదర్శకంగా మార్చే ద్రావణంలో ఉంచితే కేంద్రకం మధ్యలో ఉందో, అంచుకు జరిగిందో సూక్ష్మదర్శినిలో నేరుగా కనిపిస్తుంది.