త్రీ బీహెచ్‌కేలో నిరుద్యోగి

నిరుద్యోగం మీద గొంతు చించుకునేవాళ్లంతా ఒక వర్గాన్ని మరిచిపోయారు. అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో అన్ని అర్హతలుండీ పనిలేక పడి ఉన్న లాబ్రడార్ కుక్క సంగతి ఎవరూ ఎత్తరు. దాని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చన్నీటి సముద్రంలోకి దూకి జాలర్ల వలలు లాగారు. తర్వాత ఇంగ్లండులో దొరలు కాల్చిన పక్షుల్ని పన్ను దిగకుండా నోట కరచుకు తెచ్చే కొలువు. 1903లో కుక్కల జాతుల్ని నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ గుర్తింపు కూడా దక్కింది. ఇంత సర్వీసున్న వంశాంకురానికి మనమిచ్చిన పోస్టు: పొద్దున పది నిమిషాలు కిందికి దిగి, ఎవరిదో కారు టైరు తడిపి, పైకి రావడం.

పనిలేనివాడు స్వయం ఉపాధి చూసుకుంటాడు. నోట కరిచి తేవడమే కులవృత్తి కాబట్టి చెప్పులతో మొదలుపెడుతుంది. పాలపళ్లు ఊడే 4 నుంచి 6 నెలల వయసులో సోఫా కూడా పరిశ్రమ పరిధిలోకి వస్తుంది. ‘వయసొస్తే అదే తగ్గుతుందిలే’ అంటారు పెద్దలు. నిజమే, రెండు మూడేళ్లకి నెమ్మదిస్తుంది. ఈలోగా 30 కిలోలవుతుంది.

చుట్టాల మీదకి దూకే పనికి మాత్రం జీతం ఇస్తున్నది మనమే. ఇంటిల్లిపాదీ ‘డౌన్! డౌన్!’ అని అరుస్తూ చేతులతో నెడతారు. మన లెక్కలో అది మందలింపు. దాని లెక్కలో చూపు, మాట, స్పర్శ... మూడు అలవెన్సులు ఒకేసారి! జీతం ఆపాలంటే మాట్లాడకుండా వెనక్కి తిరగాలి. నాలుగు కాళ్లూ నేలకి ఆనిన ఒకటి రెండు సెకన్లలో శెనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క, ఉప్పూ ఉల్లీ మసాలా లేనిది, నేల దగ్గరే అందించాలి. ఫ్రిజ్ తెరిచి డబ్బా మూత తీసేసరికి అది మళ్లీ దూకి ఉంటుంది, జీతం ఆ దూకుడు ఖాతాలో పడుతుంది. కాబట్టి ముక్కలు జేబులోనే ఉండాలి. ఇవన్నీ కలిపి రోజు తిండిలో పదోవంతు దాటకూడదు.

జీతం ఆపగానే సమ్మె మొదలవుతుంది. దూకుడు పెరుగుతుంది, దానికి మొరుగుడు తోడవుతుంది. ‘ఈ పద్ధతి పనిచేయదు’ అని ఇంట్లో తీర్మానించేది సరిగ్గా అప్పుడే. నాయనమ్మ ‘పాపం, నోరులేని జీవం’ అని మారీ బిస్కెట్టు పడేసేదీ అప్పుడే. గట్టిగా సమ్మె చేస్తే డిమాండ్లు నెరవేరతాయని దానికి తెలిసిపోతుంది. ఎప్పుడో ఒకసారి తగిలే ముక్క ఎంత మొండి ఆశ పెడుతుందో పేకాటరాయుళ్లని అడగండి.

ఇక క్రమశిక్షణ చర్యలు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మధ్యాహ్నం చిరిగిన దిండుని ముక్కు ముందు పెట్టి విచారణ. చెవులు వాల్చి చూపు తిప్పుకోగానే ‘చూశావా, తప్పు చేశానని దానికి తెలుసు’ అని తీర్పు. 2009లో కుక్కల ప్రవర్తన మీద పరిశోధించే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ పరీక్షించి చూస్తే, ఏ పాపం ఎరగని కుక్కలు కూడా తిట్లు పడగానే అదే మొహం పెట్టాయి. లాకప్పులో దొరికే నేరాంగీకారాలకున్న విలువే దీనికీ ఉంది.

ఉపాధి హామీ పనులు ఇంట్లోనే ఉన్నాయి. పొద్దుటి డాగ్ ఫుడ్‌ని గిన్నెలో పోయకుండా పాత తువ్వాలులో చల్లి, చుట్టి, వదులుగా ముడేయండి. పావుగంట ముక్కుపని దొరుకుతుంది. నడకలో అరగంటైనా వాసన చూసుకోనివ్వండి, దారి దాన్నే ఎంచుకోనివ్వండి. మే నెలలో రోడ్డు మీద చేతి వెనకభాగం 5 సెకన్లు ఆనించలేకపోతే ఆరోజు నడక వాయిదా. గంటసేపు బంతి విసిరితే అలసి పడుకుంటుందన్నది భ్రమ. ఆర్నెల్లలో దమ్ము పెరిగి రెండు గంటలు అడిగే అథ్లెట్ తయారవుతాడు.

కాలింగ్ బెల్ దగ్గర శాశ్వత పోస్టు ఒకటి ఖాళీగా ఉంది: బెల్ మోగగానే చాప మీదకి వెళ్లడం. ముందు బెల్ లేకుండా చాప, తర్వాత ఇంట్లోవాళ్లే కొట్టే బెల్, ఆఖర్న డెలివరీ అబ్బాయి. చాప పక్కనే కుర్చీ వేసి నాయనమ్మని కూర్చోబెట్టండి. ఆవిడ డబ్బాలోంచి మారీలు తీసేసి డాగ్ ఫుడ్ గింజలు పోయండి. చాప మీద ఉన్నప్పుడే ఇవ్వాలన్న ఒక్క షరతు మీద, జీతాల శాఖ మొత్తం ఆవిడకే అప్పగించండి.